నికాహ్‌నామాలో పెద్దది, దస్తావేజులో చిన్నది

నా బల్ల సొరుగులో రెండు కాగితాల నకళ్లు పద్దెనిమిదేళ్లుగా ఉన్నాయి. మొదటిది 2003లో దివిసీమలోని ఒక గ్రామంలో జరిగిన నికాహ్‌కు చెందినది. వధువు ‘ఆఖిలా, బాలిగా’ అని, అంటే బుద్ధి తెలిసినది, యుక్తవయస్కురాలు అని, అందులో నా చేతివ్రాతతోనే ఉంది. రెండవది ఆ నికాహ్ జరిగిన పదకొండవ నాడు రిజిస్టరైన విక్రయ దస్తావేజు. అందులో అదే అమ్మాయిని ‘మైనరు’ అని పేర్కొన్నారు. ఆమె తరఫున సంరక్షకుని హోదాలో ఆమె చిన్నాన్న సంతకం చేశాడు. నికాహ్‌కు ఆమెను వధువుగా కూర్చోబెట్టిన వలీ కూడా ఆయనే.

అంటే పదకొండు రోజుల వ్యవధిలో ఒక స్త్రీ చిన్నపిల్లగా మారిపోయింది.

మన చట్టాలలో వయోపరిమితులు ఎన్నో ఉన్నాయి. మన ఫిఖ్హ్ గ్రంథాలలోనూ ఉన్నాయి. ఈ రెండింటిలో ఏది గొప్పది అనే వాదన మన సభలలో తరచు వినిపిస్తుంది. ఆ వాదన జరుగుతుండగానే, ఎక్కడ ఏది తనకు లాభమో అక్కడ దానిని పట్టుకుని పని గడుపుకునేవారు మన మధ్యనే ఉన్నారు. వారికి సాయపడినవారిలో నేనూ ఒకడిని. కాబట్టి ఈ వ్యాసాన్ని ఉపదేశంగా గాక, నా వాఙ్మూలంగా చదవవలసిందిగా పాఠక సోదర సోదరీమణులను కోరుతున్నాను.

ఆ ఇంటి సంగతి చెప్పాలంటే 1977 నుంచి మొదలుపెట్టాలి. ఆ సంవత్సరం నవంబరు 19న వచ్చిన తుఫాను, దానితో లేచిన ఉప్పెన దివిసీమను ముంచివేశాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారమే మరణించినవారు పది వేలకు అటూ ఇటూ. అప్పటికి నాకు అయిదేళ్లు. బందరులో మా ఇంటి పెంకులు ఎగిరిపోయిన రాత్రి లీలగా జ్ఞాపకం ఉంది. ఆ ఉప్పెనలో తల్లిదండ్రులు ఇద్దరినీ కోల్పోయిన అన్నదమ్ములిద్దరిని, ఒకరికి తొమ్మిదేళ్లు, మరొకరికి ఆరేళ్లు, వారి మేనమామ గుడివాడ తీసుకువెళ్లి పెంచాడు. వారి తండ్రి వదిలివెళ్లిన ఎకరం అరవై సెంట్ల మాగాణిని కౌలుకు ఇచ్చి, ఏటా వచ్చిన ధాన్యం బస్తాల లెక్కను ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచాడు. పిల్లల చదువుకు ఎంత, బట్టలకు ఎంత అన్నది కూడా అందులోనే వ్రాశాడు. వారు పెరిగి పెద్దవారై, సేద్యం చేసుకోగలరని తనకు నమ్మకం కలిగాక చెరి ఎనభై సెంట్లు అప్పగించాడు. ఆ రోజున మసీదు పెద్దలను ఇద్దరిని సాక్షులుగా పిలిచాడు. ఆయన మద్రసాలో చదివినవాడు కాడు. గుడివాడలో సైకిళ్లు బాగుచేసే చిన్న దుకాణం ఆయనది.

దివ్య ఖుర్‌ఆన్ అన్నిసా సూరా ఆరవ ఆయత్ చదివిన ప్రతిసారీ నాకు ఆయనే గుర్తుకు వస్తాడు. ఆ ఆయత్ సారాంశం ఇది: అనాథలు నికాహ్ వయసుకు చేరేవరకు వారిని పరీక్షిస్తూ ఉండాలి, వారిలో వివేకం కనబడితే వారి ఆస్తిని వారికి అప్పగించాలి, వారు పెద్దవారైపోతారనే తొందరలో దానిని తినివేయరాదు, సంరక్షకుడు కలిగినవాడైతే దాని జోలికి పోరాదు, పేదవాడైతే న్యాయమైన మేరకు మాత్రమే తీసుకోవచ్చు, అప్పగించేటప్పుడు సాక్షులు ఉండాలి. ఈ ఒక్క ఆయత్‌లో రెండు వేర్వేరు మెట్లు కనిపిస్తాయి. మొదటిది బులూగ్, అంటే యుక్తవయసు. రెండవది రుష్ద్, అంటే మంచిచెడ్డలు, లాభనష్టాలు ఎరిగి నడుచుకునే వివేకం. ఇక్కడ నికాహ్ వయసు అంటే బులూగ్ అనే వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. అయితే ఆ వయసు రాగానే ఆస్తిని చేతిలో పెట్టమని ఆయత్ అనలేదు. వివేకం కనబడాలి అన్నది.

బులూగ్ శరీరానికి సంబంధించినది. లక్షణాలు కనబడితే అప్పుడే. కనబడకపోతే ఎన్నేళ్లకు అన్న విషయంలో ఇమాముల మధ్య భేదం ఉంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) బాలునికి 18, బాలికకు 17 సంవత్సరాలు అన్నారు. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ ఇద్దరికీ 15 అన్నారు. తక్కిన ఇమాములలో అధికులదీ అదే మాట. హనఫీ మజ్‌హబ్‌లో ఫత్వా కూడా దాని మీదే ఉంది. దీనికి ఆధారం హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) స్వయంగా చెప్పిన సంఘటన. ఉహుద్ యుద్ధానికి పద్నాలుగేళ్ల వయసులో దైవప్రవక్త (స) ముందు నిలబడితే ఆయనను తిప్పి పంపారు. ఖందక్ నాటికి పదిహేనేళ్లు, అప్పుడు అనుమతించారు. ఇది బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. చాలా కాలం తరువాత ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) ఈ సంగతి విని, పిల్లలకూ పెద్దలకూ మధ్య గీత ఇదేనని తన అధికారులకు వ్రాశారు.

ఆ గీత దేనికి? నమాజుకు, ఉపవాసానికి, తన కర్మలకు తాను అల్లాహ్ ముందు జవాబుదారీ కావడానికి. ఆస్తి దగ్గరకు వచ్చేసరికి ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఇంకా ముందుకు వెళ్లారు: బాలిగ్ అయినా వివేకం లేనివానికి అతని సొమ్ము ఇరవై అయిదేళ్లు వచ్చేవరకు అప్పగించరాదన్నారు. శిష్యులిద్దరూ వయసు లెక్కనే పక్కన పెట్టి, వివేకం కనబడేదాకా ఆగవలసిందే అన్నారు. మరి పరీక్షించడం ఎలా? చిన్న మొత్తం చేతికిచ్చి బజారులో కొనమని, అమ్మమని పంపి చూడాలని మన ఫుఖహా వ్రాశారు. 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు పదేళ్లు నిండిన పిల్లలు పొదుపు ఖాతాను తామే నడుపుకోవచ్చని, పరిమితులు బ్యాంకులు నిర్ణయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చినప్పుడు, మా విద్యార్థులకు హిదాయా పాఠంలో ఈ ఉదాహరణ చెప్పాను. పిల్లలు నవ్వారు గాని వారికి మసఅలా గుర్తుండిపోయింది.

ఇక ఆ ఇంటికి మళ్లీ వద్దాం. అన్నదమ్ములలో పెద్దవాడు ముప్పై అయిదేళ్లు నిండకుండానే కామెర్లతో మరణించాడు. మిగిలినవారు భార్య, ఒక్కగానొక్క కూతురు, తమ్ముడు. షరీఅత్ ప్రకారం ఎనభై సెంట్లను ఎనిమిది భాగాలు చేస్తే భార్యకు ఎనిమిదో వంతు, అంటే పది సెంట్లు. ఒక్కతే కూతురు గనుక ఆమెకు సగం, నలభై సెంట్లు. మిగిలిన ముప్పై సెంట్లు అసబాగా తమ్మునికి. ఆ చిన్నాన్నకు షరీఅత్ ఏమీ ఇవ్వలేదని కాదు. ముప్పై సెంట్లు ఇచ్చింది. ఆయన అమ్మినది ఎనభై.

వ్యవసాయ భూమికి మన వారసత్వ చట్టం వర్తించదనే అపోహ కొందరిలో ఉంది. 1937 నాటి షరియత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. కానీ అప్పటి మద్రాసు రాష్ట్రం 1949లో సవరణ చేసి ఆ మినహాయింపును తొలగించింది. కృష్ణా జిల్లా అప్పుడు మద్రాసులోనే ఉంది. కాబట్టి మన డెల్టాలో ఆడపిల్ల వాటా గట్టు మీద ఆగిపోదు, పొలంలోకి దిగుతుంది.

ఆ అమ్మాయికి పదిహేనేళ్లు దాటి కొన్ని నెలలు. తొమ్మిదో తరగతితో చదువు మానిపించారు. ఆ ఊరి ఇమామ్ సాబ్ జబ్బుపడి ఉండటంతో నికాహ్ చదవడానికి నన్ను పిలిచారు. వయసెంత అని నేను అడిగాను. “బాలిగ్ అయి రెండేళ్లయింది మౌల్వీ సాబ్, షరీఅత్‌కు ఇంకేం కావాలి?” అన్నాడు చిన్నాన్న. నాకు ముప్పై ఏళ్లు; కొత్తగా చదువు ముగించిన ఉత్సాహం. ఆ జవాబు గ్రంథానికి సరిపోయింది. తెర వెనుక అమ్మాయిని అంగీకారమా అని అడిగారు, ఆమె మౌనంగా ఉంది. కన్య మౌనమే అంగీకారమని హదీసు ఉంది గనుక దానినీ సరిపెట్టుకున్నాను. అదే హదీసు సంపుటాలలో తన ఇష్టానికి విరుద్ధంగా తండ్రి పెళ్లి చేశాడని వచ్చి చెప్పిన ఖన్సా బిన్త్ ఖిదామ్ (రజి) నికాహ్‌ను దైవప్రవక్త (స) రద్దు చేసిన సంఘటన కూడా ఉంది. నేను దానిని పాఠంగా చెప్పగలను. ఆ రోజు తెర వెనుకకు ఒక స్త్రీని పంపి, ‘అమ్మా, నీకు ఇష్టమేనా, నీ ఆస్తి సంగతి ఏం చేస్తున్నారో నీకు తెలుసా’ అని అడిగించాలని మాత్రం తోచలేదు.

అప్పటికి అమలులో ఉన్నది 1929 నాటి బాల్య వివాహ నిరోధక చట్టం. అది మొదట ఆడపిల్లకు 14, మగవానికి 18 అన్నది. 1949లో ఆడపిల్ల వయసు 15 అయింది. 1978లో 18, 21 అయ్యాయి. అంటే ఆ నికాహ్ చదివిన నేనూ చట్టం దృష్టిలో నేరం చేసినవాడినే. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, అంతే.

ఆమె 2007 చివరలో బందరు వచ్చింది. అప్పటికి ఇరవై నిండబోతున్నది. చంకలో ఏడాది పాప. మా ఇంట్లో నా భార్య పక్కన కూర్చుని, చీర కొంగులోంచి దస్తావేజు నకలు తీసి ఇచ్చింది. భర్త ఏదో అప్పు కోసం పొలం కాగితాలు తెమ్మన్నాడట. వెతకబోతే భూమి వేరొకరి పేరున ఉన్నట్లు తెలిసింది. “మౌల్వీ సాబ్, మీరు నన్ను పెద్దదాన్నని వ్రాశారు. వీళ్లు చిన్నపిల్లనని వ్రాశారు. ఇందులో ఏది నిజం?” అని అడిగింది. ఆమె కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు ఒక న్యాయవాది వద్దకు వెళ్లాము. ఆయన హిందువు, మన ఫరాయిజ్ లెక్కలు నాకంటే వేగంగా వేశాడు. ఆయన చెప్పిన సంగతులు ప్రతి ముస్లిం కుటుంబానికి అవసరం గనుక కొంచెం వివరంగా వ్రాస్తాను. 1875 నాటి ఇండియన్ మెజారిటీ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండితే మేజరు. అయితే వివాహం, మహర్, విడాకులు, దత్తత విషయాలలో మనిషికి ఉన్న అర్హతను ఆ చట్టం తాకదని అందులోనే వ్రాసి ఉంది. మన చిన్నాన్నలు దూరే సందు ఇదే: నికాహ్‌కు బులూగ్, భూమికి పద్దెనిమిది. సరే, భూమికి పద్దెనిమిదే అనుకుందాం. అప్పుడు మైనరు తరఫున సంతకం చేసే హక్కు ఎవరిది? మన దేశంలో న్యాయస్థానాలు అమలు చేసే ముస్లిం చట్టం ప్రకారం మైనరు ఆస్తికి సంరక్షకులు తండ్రి, తండ్రి వసీయతుతో నియమించినవాడు, తాత, తాత నియమించినవాడు. ఆ తరువాత న్యాయస్థానం. చిన్నాన్న ఈ వరుసలో లేడు. అన్న లేడు. తల్లి కూడా లేదు. బిడ్డను పెంచే హక్కు, హిజానత్, ఆమెదే గాని స్థిరాస్తిని అమ్మే హక్కు ఆమెకు లేదు. ఇమాంబంది కేసులో 1918లో ప్రీవీ కౌన్సిల్ ఈ సంగతి తేల్చి చెప్పింది. న్యాయస్థానం నియమించని ఇటువంటి బంధువు మైనరు భూమిని అమ్మితే ఆ అమ్మకం మైనరు వాటా మేరకు చెల్లదు. నిజంగా అమ్మవలసిన అవసరం వస్తే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టుకు దరఖాస్తు చేసి, అనుమతి పొంది అమ్మాలి.

వలీ అనే ఒక్క మాటను మనం రెండు చోట్ల వాడతాము గనుక చాలామంది పొరబడతారు. తండ్రీ తాతా లేని పిల్లకు నికాహ్ విషయంలో చిన్నాన్న వలీ కావచ్చు. ఆ కారణంగా ఆమె పొలానికి వలీ కాడు.

గడువు సంగతి కూడా ఆ న్యాయవాది హెచ్చరించాడు. సంరక్షకుడు చేసిన అమ్మకాన్ని రద్దు చేయించడానికి మైనరుకు పద్దెనిమిది నిండిన తరువాత మూడేళ్లు ఉంటాయి. చిన్నాన్న అసలు సంరక్షకుడే కాడు గనుక ఆ లెక్క వేరని వాదించవచ్చు. “కానీ ఆ వాదన మీద మీ భూమిని పందెం కాయకండి, మూడేళ్లలోపే కదలండి” అన్నాడు. ఆమెకు ఇంకా ఏడాదికి పైగా మిగిలి ఉంది.

ఇక్కడ కొందరు పాఠకులు నన్ను ఆపి అడగవచ్చు: భూమి సంగతి సరే, షరీఅత్ అనుమతించిన నికాహ్‌కు పద్దెనిమిదేళ్ల అడ్డుగోడ కట్టడానికి చట్టం ఎవరు? మంచి ఆలిములు కూడా ఈ ప్రశ్న వేస్తారు. నేను గౌరవించే పెద్దలు కొందరు వారిలో ఉన్నారు. న్యాయస్థానాలలోనూ ఒకే మాట లేదు. పంజాబ్, హర్యానా హైకోర్టు 2022లో పదహారేళ్ల ముస్లిం యువతి నికాహ్‌ను గుర్తించింది. కేరళ హైకోర్టు 2024లో బాల్య వివాహ నిషేధ చట్టం మతంతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తిస్తుందని చెప్పింది. ఆడపిల్లకు కూడా 21 చేయాలని 2021 డిసెంబరులో తెచ్చిన బిల్లు 2024లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది.

నాకు అర్థమైనంతవరకు జవాబు ఇది. జాయిజ్ వేరు, ఫర్జ్ వేరు. పదిహేనేళ్లకు నికాహ్ చేయమని షరీఅత్ ఎక్కడా ఆదేశించలేదు. అనుమతించిన విషయంలో ప్రజల మేలు కోరి పాలకుడు హద్దు పెట్టవచ్చునని ఫుఖహా ఒప్పుకున్నారు. 1917లో ఉస్మానియా ఖిలాఫత్ కుటుంబ చట్టం పురుషునికి 18, స్త్రీకి 17 అన్నది; అవి ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) చెప్పిన అంకెలే. మొరాకో 2004లో, ఈజిప్టు 2008లో 18 అన్నాయి. ఇండోనేషియా 2019లో ఇద్దరికీ 19 అన్నది. వీరంతా షరీఅత్‌ను వదులుకున్నారని అనడానికి నాకు నోరు రాదు. పైగా మన రాష్ట్రం సంగతి చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశం మొత్తం మీద అది 23.3 శాతం. ఇది ఏ ఒక్క మతం లెక్కా కాదు, మన డెల్టా ఇళ్లన్నీ ఉన్న రాష్ట్రం లెక్క.

చట్టంలో శిక్షలను కూడా తెలుసుకోవడం మంచిది. 2007 నవంబరు 1 నుంచి అమలులో ఉన్న బాల్య వివాహ నిషేధ చట్టం కింద అటువంటి నికాహ్ చదివినవారికి, చేయించినవారికి రెండేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. చిన్నతనంలో పెళ్లయినవారు మేజరైన రెండేళ్లలోపు దానిని రద్దు చేయమని కోర్టును కోరవచ్చు. ఈ మాట విన్న ఫిఖ్హ్ విద్యార్థికి ఖియారుల్ బులూగ్ గుర్తుకు రాకమానదు. తండ్రి, తాత కాని వలీ మైనరు పిల్లకు చేసిన నికాహ్‌ను ఆమె బాలిగ్ కాగానే కాదనవచ్చునన్న హక్కు మన గ్రంథాలలో వందల ఏళ్లుగా ఉన్నదే. 2017లో సుప్రీంకోర్టు తీర్పు తరువాత పద్దెనిమిది నిండని భార్యతో దాంపత్యం సైతం అత్యాచార నేరమే. కొత్త భారతీయ న్యాయ సంహితలోనూ అంతే. కాన్పుకు ఆసుపత్రికి తీసుకువెళ్లిన చిన్న వయసు కోడలి వివరాలు పోలీసులకు చేరి, పెళ్లికొడుకు జైలుకు వెళ్లిన ఇళ్లు ఉన్నాయి. ఆ కుర్రవాడికి ఇదంతా ముందుగా ఎవరూ చెప్పి ఉండరు.

మగపిల్లల సంగతి వచ్చింది గనుక ఒక మాట. ఈ రెండు నాలుకల వ్యవహారం ఆడపిల్లల దగ్గరే ఆగదు. నాకు తెలిసిన ఒక ఇంట్లో పదిహేనేళ్ల కుర్రవాడు ఫజ్ర్‌కు లేవకపోతే, “వాడింకా పిల్లాడు మౌల్వీ సాబ్” అంటాడు తండ్రి. సాయంత్రం అదే తండ్రి, “పెద్దవాడయ్యాడు” అని మోటారు సైకిలు తాళాలు చేతికి ఇస్తాడు. షరీఅత్ ఆ వయసులో నమాజును ఫర్జ్ చేసింది. ఏడేళ్లకే అలవాటు చేయమన్నది, పదేళ్లకు గట్టిగా అడగమన్నది. చట్టం ఆ వయసులో బండిని నిషేధించింది. గేర్లు లేని 50 సీసీ లోపు బండికి 16, తక్కిన వాటికి 18. మనం రెండింటినీ తిరగేశాము. 2019 సవరణ తరువాత మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకునికి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దు, ఆ కుర్రవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇరవై అయిదు అన్న అంకె చూసి ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) గుర్తుకు వచ్చారు. అది కాకతాళీయమే గాని ఆలోచింపజేస్తుంది. అలాగే పద్నాలుగేళ్లు నిండని పిల్లలను మెకానిక్ షెడ్లలో కుదర్చడం, పద్దెనిమిది లోపు వారిని ప్రమాదకరమైన పనులలో పెట్టడం చట్టవిరుద్ధం.

ఓటు హక్కు ఒక్కటే మనవారు ఆలస్యం చేసేది. 61వ రాజ్యాంగ సవరణతో 1989 మార్చి 28 నుంచి ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. ఆ సవరణే లేకుంటే 1991 ఎన్నికలలో నేను ఓటు వేయగలిగేవాడిని కాదు. ఇప్పుడు పదిహేడు నిండగానే ముందస్తు దరఖాస్తు ఇవ్వవచ్చు. పద్దెనిమిది నిండాక పేరు జాబితాలో చేరుతుంది. పెళ్లికి తొందరపడే ఇళ్లలో ఈ తొందర ఎందుకో కనిపించదు.

వీటన్నిటికీ మూలం ఒక్కటే: పుట్టిన తేదీ నిజంగా వ్రాసి ఉండటం. బడిలో చేర్చేటప్పుడు ఉజ్జాయింపుగా జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేయించడం, తరువాత అవసరాన్ని బట్టి ఆధార్‌లో మార్పించడం మనకు అలవాటైపోయింది. ఆధార్ వయసుకు రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పింది. వయసు తేల్చవలసి వస్తే బాలల న్యాయ చట్టం మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రాన్ని లేదా పదో తరగతి సర్టిఫికెట్టును, అది లేకపోతే మునిసిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన పత్రాన్ని, అదీ లేనప్పుడే వైద్య పరీక్షను చూస్తుంది. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడి, లైసెన్సు, ఓటు, వివాహ రిజిస్ట్రేషను అన్నిటికీ జనన పత్రమే ఆధారం కానున్నది. బిడ్డ పుట్టిన ఇరవై ఒక్క రోజులలోపు నమోదు చేయించాలి. అఖీఖా రోజుననే ఆ పని కూడా ముగించుకోమని మా మొహల్లాలో చెబుతున్నాను.

న్యాయవాది నోటీసు అందగానే చిన్నాన్న మా మద్రసాకు వచ్చి నా మీద కేకలు వేశాడు. “షరీఅత్ తెలిసినవాడివై కోర్టుకు ఎక్కిస్తావా?” అన్నాడు. కొనుక్కున్న రైతు మంచివాడు. ఏ పాపం ఎరుగడు. ఎనభై సెంట్లకూ పూర్తి ధర చెల్లించాడు. ఆయనను రోడ్డున పడవేయడం ఆ అమ్మాయికీ ఇష్టం లేకపోయింది. చివరకు ఒక శుక్రవారం జుమా తరువాత మసీదు వరండాలో పెద్దలు కూర్చున్నారు. గుడివాడ నుంచి ముసలి మేనమామ బస్సులో వచ్చాడు. ఆయన ఆయత్ చదవలేదు, హదీసు చెప్పలేదు. చేతిసంచిలోంచి ఆ పాత నోటుపుస్తకం తీసి మేనల్లుని ముందు పెట్టి, “ఇది నీ లెక్క. ఆ పిల్ల లెక్క ఏదిరా?” అన్నాడు.

చిన్నాన్న చాలాసేపు తల ఎత్తలేదు. నలభై సెంట్ల సొమ్ము ఇస్తానన్నాడు. అయితే 2003 నాటి ధరకే. అప్పటికి భూమి ధర బాగా పెరిగింది. అది న్యాయం కాదని నేను అన్నాను, న్యాయవాదీ అన్నాడు. కానీ ఆమె భర్త అప్పు ఆగేలా లేదు, ఆమె ఒప్పుకుంది. మొదటి విడత సొమ్ము చేతికి వచ్చాక రైతు పేరిట హక్కు విడుదల దస్తావేజు వ్రాయించారు. అందులో ‘మేజరు’ అని ఉంది. ఆమె స్వయంగా సంతకం చేసింది. తొమ్మిదో తరగతిలో ఆగిన చేతివ్రాత, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. రెండవ విడతలో సగమే వచ్చింది. తక్కినది ఇప్పటికీ రాలేదు. చిన్నాన్న నాలుగేళ్ల క్రితం మరణించాడు. ఆ బాకీ మాఫీ చేశావా అమ్మా అని ఆయన కొడుకులు అడిగితే, ఇంకా చేయలేదని చెప్పిందట.

నేను అప్పటి నుంచి పదో తరగతి సర్టిఫికెట్టు గాని, జనన పత్రం గాని చూడకుండా నికాహ్ చదవడం లేదు. తండ్రి లేని పిల్ల అయితే ఆమె వాటా సంగతి కూడా అడుగుతాను. దీనివల్ల కొందరు నాకు బదులు వేరొకరిని పిలుచుకుంటున్నారు. ఇరువురికీ పదో తరగతి ఉండాలి, వధువుకు 18, వరునికి 21 నిండాలి అన్న షరతుతో 2022 అక్టోబరు 1 నుంచి షాదీ తోఫా పథకం వచ్చినప్పుడు, సర్టిఫికెట్టు అడిగితే కోపగించుకున్న ఇళ్లవారే లక్ష రూపాయల కోసం ఆ సర్టిఫికెట్లను వెతుక్కోవడం చూశాను.

ఈ షవ్వాల్‌లో ఆమె మళ్లీ మా ఇంటికి వచ్చింది. చంకలోని పాప ఇప్పుడు డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతోంది. పెడన నుంచి సంబంధం వచ్చిందట. నేను అడగకముందే ఆమె సంచిలోంచి జనన పత్రం, పదో తరగతి మార్కుల జాబితా తీసి బల్ల మీద పెట్టింది. నా భార్య అమ్మాయిని లోపలికి తీసుకువెళ్లి ఒంటరిగా మాట్లాడింది. బయటికి వచ్చి, “పిల్లకు ఇష్టమేనట గాని, డిగ్రీ అయ్యాకే అంటోంది” అన్నది.

పెడన వారికి ఆ రాత్రే ఫోను చేశాను. ఆగుతామన్నారు.